ఒకటో ఛానెల్

"ఇరవై అయిదు నిమిషాల చెప్పులు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చూస్తారా అమ్మగారూ? మధ్యలో ఇంటర్వెల్ కూడా లేదు."

కంప్యూటరు తెర మీద గచ్చు కదులుతోంది. కుర్చీ కాలు, ఆడపిల్ల చెప్పులు, మళ్ళీ గచ్చు. ఆ తరువాత అంతా నలుపు. ఆ నలుపులో గుడ్డ రాసుకుంటున్న చప్పుడు, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. బల్లకు కుడివైపు ఒకే ఒక్క స్పీకరు, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. రెండోది ఎప్పుడో పాడైతే తీసి బీరువా మీద పడేశారు.

ప్రైవేటు డిటెక్టివ్ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆవిడకు స్టేషన్లో వెనకాల 'అపశకునం' అని పేరు. ఫోను మోగితే చావు కబురే అనుకునే మనిషి. కూతురు అదే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నా రోజుకు మూడుసార్లు ఫోను చేసి, తీయకపోతే ఆసుపత్రుల నంబర్లు వెతుక్కునే మనిషి. ఆ భయమే ఆవిడకు తిండి పెడుతోంది. మిగతావాళ్ళు ఏమీ జరిగి ఉండదులే అని వదిలేసిన చోటల్లా, ఎంత చెడ్డ జరిగి ఉంటుందోనని ఆవిడ వెతుకుతూ కూర్చుంటుంది.

ఈ కేసులో చెడ్డకు కొదవ లేదు. మూడు వారాల కిందట అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఆరుగురు పోయారు. బాయిలర్‌కు పగులు ఉందని యజమానికి ముందే తెలుసని చెప్పగలిగినవాడు ఫోర్‌మన్ ఒక్కడే. అతను నిన్న పన్నెండు గంటలకు, ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న పాత బిల్డింగులో, రెండో అంతస్తు నుంచి లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు. కింద నీళ్ళ మోటారు స్విచ్ వేస్తున్నవాడు ఆ చప్పుడు విన్నాడు. అతనికి తెలిసి ఆ సమయానికి పైన ఉన్నది ఇంకొక్కరే. చిన్ని అనే ఇరవై మూడేళ్ళ పిల్ల. వీడియోలు తీయడం ఆమె పని. ఫోర్‌మన్ చేత నిజం చెప్పించి రికార్డు చేశానంటుంది. కెమెరా కార్డులో మాత్రం చెప్పులున్నాయి.

ఇన్‌స్పెక్టరు వీడియోను వెనక్కి జరిపాడు. గచ్చు మొదలయ్యే ముందు సరిగ్గా అయిదు సెకన్లపాటు ఫోర్‌మన్ మొహం కనబడింది. నెరిసిన మీసం, అలసిన కళ్ళు. "చాలమ్మా. ఇక ఆపెయ్," అన్నాడు. అంతే, తెర తలకిందులైంది.

"విన్నారుగా. ఆపెయ్ అని బతిమాలుకుంటున్నాడు. ఈ పిల్ల ఏదో పెట్టుకుని బెదిరించింది, అతను ఒప్పుకోలేదు, తోసేసింది. నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. మీరు ఇంటికెళ్ళి అమ్మాయికి ఫోను చేసుకోండి."

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. ఒంటిగంటా పది. పిల్లతో అరగంట మాట్లాడాలంది. పావుగంట ఇచ్చాడు.

చిన్ని కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. అడిగిన ప్రతిదానికీ ఒకటే పాట, నేను తీశాను, వీళ్ళు చెరిపేశారు అని. డిటెక్టివ్ చెరపడం సంగతి పక్కన పెట్టి, కెమెరా సంగతి అడిగింది. దాంతో పిల్ల గొంతు మారిపోయింది. పుట్టిన బిడ్డ గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోతుందట, కానీ పెద్ద కెమెరాలు చేసే పనల్లా చేస్తుందట. రెండు కార్డులు పెట్టుకోవచ్చు, రెండిట్లోనూ ఒకేసారి ఎక్కుతుంది. రికార్డు బటన్లు రెండు. ఒకటి బొటనవేలి కింద, ఒకటి పైన పిడి మీద. మైకులకు రెండు ఛానెళ్ళు. ఒకటో దానికి మనిషి కాలరుకు పెట్టే గింజంత మైకు, వైరు లేకుండానే నాలుగు గోడల అవతలి నుంచి కూడా పలుకుతుంది. రెండో దానికి కెమెరా సొంత మైకు. పైగా బటన్ నొక్కడం ఆలస్యమైతే మొదటి మాట పోకుండా, నొక్కడానికి ముందరి అయిదు సెకన్లు కూడా తనే దాచిపెట్టుకుంటుంది.

"తీస్తున్నప్పుడు ఎర్ర లైటు వెలుగుతుందా?"

"వెలుగుతుందండీ. నేను ఆర్పేశాను. అది చూస్తే మనిషి బిగుసుకుపోతాడు. పక్కనుండే చిన్న తెర కూడా మూసేశాను. లేకపోతే తన మొహం తనే చూసుకుంటూ మాట్లాడతారు."

"మరి రికార్డవుతోందని నీకెలా తెలుస్తుంది?"

"నొక్కాను కదండీ."

డిటెక్టివ్ కాగితం తీసి నిలువుగా గీత గీసింది. ఒక పక్క పిల్ల చెప్పిన టైములు రాసుకుంది. పదీ యాభై ఎనిమిదికి మొదలు, పదకొండూ నలభై ఒకటికి ఆపడం. అతన్ని ముందు పంపేసి, పదకొండూ యాభై మూడుకు తను మేడ మీదికి. కలిసి బయటికొస్తే ఎవరైనా చూస్తారని అలా అనుకున్నారట. మధ్యాహ్నం షిఫ్టు వదిలాక జనం గేటు దాటడం తీయాలని పన్నెండూ ఆరుకు మళ్ళీ మొదలు, పన్నెండూ ఇరవైకి ఆపడం.

రెండో పక్క కార్డు మీదున్న టైములు రాసింది. పదీ యాభై రెండు నుంచి పదీ యాభై ఎనిమిది. పదకొండూ నలభై ఒకటి నుంచి పన్నెండూ ఆరు. పన్నెండూ ఇరవై నుంచి పోలీసులు కెమెరా లాక్కునేదాకా.

కాగితం పిల్ల వైపు తిప్పింది. పిల్ల చూసింది. మళ్ళీ చూసింది. పిడి పట్టుకుని కెమెరాను స్టాండు మీద సర్దుతున్నప్పుడు పై బటన్ వేలికి తగిలి ఉంటుంది. అది మొదలైపోయింది. ఈమె మొదలుపెట్టాననుకుని నొక్కితే ఆగింది. ఆపాననుకుని నొక్కితే మొదలైంది. అతను ఆపెయ్ అన్నది కెమెరాను. ఆ మాట కూడా దక్కింది ఆ అయిదు సెకన్ల పుణ్యమే. తీయాలనుకున్నది ఒక్కటీ తీయలేదు, అక్కర్లేనిదంతా తీసింది.

"నలభై మూడు నిమిషాలండీ," అంది చిన్ని చివరికి. "పోయినవాళ్ళ ఆరుగురి పేర్లూ చెప్పాడు. ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నారో చెప్పాడు. నేను రెండు కార్డులు పెట్టాను. ఒకటి పాడైనా రెండోది ఉంటుందని."

"రెండిట్లోనూ అదే తప్పు ఉంటుందమ్మా."

చెరిపేశారని పోలీసుల్ని తిట్టుకున్నంతసేపూ పిల్లకు ఒక ధైర్యం ఉండింది. ఇప్పుడు అదీ లేదు. తల బల్ల మీద ఆనించి, చేతిని, ఆ బొటనవేలిని, ఒడిలో దాచుకుంది.

బయట బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది. బట్టలు కుట్టి పిల్లను పెంచింది. మొగుడు పోయిన పదిహేనేళ్ళ నుంచి వాళ్ళకు వాళ్ళిద్దరే. నిన్న సాయంత్రం డిటెక్టివ్ ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడిన మనిషి. ఆ ఫ్యాక్టరీ జోలికి పోవద్దని, వాళ్ళు ఎంతకైనా తెగిస్తారని, ఆ వేళ పొద్దున కూడా పిల్ల కాళ్ళు పట్టుకున్నానని చెప్పింది. అలాంటి తల్లిని చూస్తే డిటెక్టివ్‌కు తననే చూసుకున్నట్టుంటుంది. కెమెరా సామాను ఇంట్లో ఏమున్నా తెమ్మంటే, చెవులు రెండూ కప్పే పెద్ద హెడ్‌ఫోను తెచ్చింది. దానికి గుడ్డ సంచి తనే కుట్టిందట.

"కార్డులో అంతా ఉందంట కదక్కా. అది బయటికొస్తే పిల్లను వదిలేస్తారు కదూ?"

ఏమీ లేదని చెప్పడానికి డిటెక్టివ్‌కు నోరు రాలేదు. చూద్దాం, పద అంది. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకుంది.

ఇన్‌స్పెక్టరుకు కాగితం చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, లెక్క బాగుందన్నాడు, బడిలో పిల్లలకు చెప్పుకోవచ్చన్నాడు. మేజిస్ట్రేటు ముందు ఇదే కాగితం పట్టుకుని నిలబడతానని ఆవిడ అనేసరికి నవ్వు ఆపాడు. అక్కడికే వెళ్ళి చూద్దాం, మీ సరదా కూడా తీరుతుందని, కెమెరాను సీలు వేసిన కవరుతో సహా జీపులో పెట్టించాడు.

బిల్డింగు చేరేసరికి రెండూ ఇరవై. అద్దెకు ఎవరూ లేక మూతపడిన మూడంతస్తులు. లిఫ్టు ఆగిపోయి ఏడాదైంది. మెట్ల మీద వెలుతురు లేదు. మొదటి అంతస్తు దాటి పైకి ఎక్కుతుంటే ఇన్‌స్పెక్టరు తూలిపడబోయి గోడ పట్టుకున్నాడు. ఒక మెట్టు అంచు సగం ఊడిపోయి ఉంది. వెనకున్న కానిస్టేబులు కూడా అక్కడే తట్టుకున్నాడు. డిటెక్టివ్ చెప్పు మడతపడింది. చివర వస్తున్న తల్లి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆ మెట్టును దాటేసి పైది ఎక్కింది. భయస్తులు కాలు చూసుకుని వేస్తారనుకుంది డిటెక్టివ్.

రెండో అంతస్తులో లిఫ్టు ముందు మూడడుగుల చోటు. కటకటాల తలుపుకు గొళ్ళెం లేదు. ఇనుప తీగ చుట్టి కట్టినట్టున్నారు, ఆ తీగ తెగి లోపలివైపుకు వేలాడుతోంది. తలుపు మీద వీపు మోపితే చాలు, లోపలికి తెరుచుకుంటుంది. ధూళి మీద చెప్పుల గుర్తులన్నీ నిన్నటి పోలీసులే తొక్కేశారు. డిటెక్టివ్ తీగ కొసను వంగి చూసింది. కోసింది కాదు. తుప్పుపట్టి బరువుకు తెగింది. కావాలని చంపేవాడు ఇంత చేతకానితనంగా చంపడని అంది. కోపంలో తోసినవాళ్ళు ఎలాగైనా తోస్తారన్నాడు ఇన్‌స్పెక్టరు.

మూడో అంతస్తు గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా అలాగే ఉన్నాయి. అక్కడి నుంచి మేడ మీదికి ఇరవై రెండు మెట్లు. పైన ఇనుప తలుపు. దాన్ని లాగితే గొంతు పట్టేసిన మనిషిలా కీచుమంది. స్టేషన్లో విన్న నలుపులో ఈ మెట్లున్నాయి, ఈ కీచు ఉంది, ఆ వెనకే ఈ గాలి హోరు ఉంది. టైము పదకొండూ యాభై అయిదు. పన్నెండింటికి పిల్ల మేడ మీద ఉందని డిటెక్టివ్ చెప్పింది.

"సంచి మేడ మీద ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పిల్ల ఉందని ఎవరు చెప్పారు? సంచి ఇక్కడ పెట్టి, రెండంతస్తులు దిగి, పని కానిచ్చి, పన్నెండూ అయిదుకల్లా మళ్ళీ ఎక్కి కెమెరా బయటికి తీసింది. నేనెక్కగలను, దానికేం. మీ గాలి హోరు గాలికే సాక్ష్యం అమ్మగారూ."

అతను మొద్దు కాడు, అదే ఆవిడ బాధ. మొద్దులతో వేగడం తేలిక. పిల్ల ఎక్కడ లేదో చెప్పి లాభం లేదు. ఫోర్‌మన్ దగ్గర ఎవరున్నారో చెప్పగలగాలి. టైము రెండూ యాభై.

కిందికి దిగి గదిలో కుర్చీ మీద కూర్చుంది. శవం మీద దొరికిన వస్తువుల జాబితా అడిగి తీసుకుంది. కళ్ళజోడు, తాళంచెవులు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, చేతిరుమాలు. అయిదోది, నడుముకు తగిలించి ఉన్న నల్ల పెట్టె, దానికి సన్న వైరు, ఫోను చార్జరు లాంటిది.

ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టింది. ఫోను చార్జరును ఎవరు నడుముకు కట్టుకుంటారని అడిగింది. ఇన్‌స్పెక్టరు భుజాలెగరేశాడు.

"అది కాలర్ మైకు," అంది డిటెక్టివ్. "వెళ్ళే హడావిడిలో పిల్ల తీసుకోవడం మరిచిపోయింది, ఆయన ఇవ్వడం మరిచిపోయాడు. ఆయన దాన్ని పెట్టుకునే మెట్లు దిగాడు. పైన సంచిలో కెమెరా నడుస్తూనే ఉంది. మీరు విన్నది రెండో ఛానెల్. ఒకటో ఛానెల్ మీ బీరువా మీద పడేసిన ఎడమ స్పీకర్లోంచి రావాలి."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. తరువాత జేబులోంచి పెన్ను తీసి, తనే కవరు సీలు విప్పి కెమెరా చేతికిచ్చాడు.

తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గుడ్డ సంచిలోంచి హెడ్‌ఫోను తీసి ఇచ్చింది. ఆ చిన్న కెమెరా పిడి మీద చప్పుడు పెంచడానికి, తగ్గించడానికి రెండు మరలున్నాయి, ఒకటి, రెండు అని అంకెలు వేసి. డిటెక్టివ్ హెడ్‌ఫోను తగిలించి, రెండోదాన్ని తగ్గించేసింది, ఒకటోదాన్ని పెంచింది. పదకొండూ నలభై ఒకటి నుంచి నడిపింది.

ఎడమ చెవిలో మనిషి ఊపిరి. చెప్పుల చప్పుడు, దిగుతున్నాడు. మధ్య మధ్య సరసరమని గొంతు తెగిపోతోంది, గోడలు అడ్డొచ్చినప్పుడు కాబోలు. ఆగాడు. అప్పుడు అతని గొంతు, ఆశ్చర్యంగా.

"చెల్లెమ్మా, నువ్వెందుకొచ్చావిక్కడికి?"

జవాబు దూరంగా, ఆయాసంతో ఉంది. మాట తెలియలేదు. డిటెక్టివ్ మరను ఇంకాస్త తిప్పింది.

"... చెప్పేశావా అన్నా? మొత్తం చెప్పేశావా?"

ఆవిడ తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా గుమ్మంలో ఎవరుంటారో తెలుసు.

చెవిలో ఆ గొంతు అడుగుతూనే ఉంది. నీకు వెనకా ముందూ ఎవరూ లేరు, నాకున్నది ఒక్కతే పిల్ల, వాళ్ళు దాన్ని బతకనిస్తారా అని. నీ పిల్ల ధైర్యం చూసే నాకు నోరు పెగిలిందని అతనన్నాడు. ఆరుగురు పోయారు, ఇంకా దాచమంటావా అన్నాడు. తల్లి వినిపించుకోలేదు. ఏడ్చింది, బతిమాలింది, మళ్ళీ మొదటికొచ్చింది. అలా పది నిమిషాలు. తరువాత ఉన్నట్టుండి గొంతు దగ్గరికొచ్చేసింది, అతని గొంతుకన్నా దగ్గరికి. కాలరు పట్టుకుంది. ఆ గుప్పిట్లోనే మైకు ఉంది.

"పైకి రా. దాన్ని చెరిపెయ్యమని నువ్వే చెప్పు. నేను చెబితే అది వినదు. పద అన్నా. పద."

"వదులమ్మా."

గుడ్డ చిరిగిన చప్పుడు. ఇనుము మీద ఇనుము. దూరంగా ఫ్యాక్టరీ సైరను, పన్నెండు. తరువాత వచ్చిన చప్పుడుకు డిటెక్టివ్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

మైకు ఇంకా బతికే ఉంది. నీళ్ళ మోటారు గుర్రుమంటోంది. ఆ గుర్రుకు పైన ఎక్కడో ఎత్తున, దారంలా సన్నగా ఒక పిలుపు. అన్నా. మళ్ళీ, అన్నా. తరువాత పరుగు.

ఆవిడ హెడ్‌ఫోను తీసి ఒడిలో పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు ఏం వినబడిందని అడిగాడు. చెబితే పిల్ల ఈ సాయంత్రానికి బయటికొస్తుంది. వచ్చి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చెప్పకపోతే నాలుగు గంటలకు మేజిస్ట్రేటు.

తల్లే ముందడుగు వేసింది.

"ఎంతవరకు వినబడిందక్కా?"

ఇన్‌స్పెక్టరు మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"అంతా," అంది డిటెక్టివ్.

తల్లి తలూపింది. ఒకలాంటి నిదానం వచ్చింది ఆ మొహంలోకి. తప్పు చేయని పిల్లను ఏం చేస్తారులే, ఇవాళ కాకపోతే రేపైనా వదిలేస్తారనుకున్నానంది. రాత్రంతా అదే అనుకుంటూ కూర్చున్నానంది. తోయలేదని మాత్రం అనలేదు.

"ఇది ఇస్తే దాన్ని వదిలేస్తారా?"

"వదిలేస్తారు."

"అయితే సారుకిచ్చెయ్యండి." ఖాళీ గుడ్డ సంచిని మడతపెట్టింది. "ఆయన చెప్పిందంతా కూడా అందులోనే ఉంటుంది కదా. ఫ్యాక్టరీవాళ్ళు వింటే ఊరుకోరు. పిల్ల బయటికొచ్చాక దాన్ని ఎక్కడైనా దూరంగా పెట్టండక్కా. మీరొక తల్లి, మీకు చెప్పక్కర్లేదు."

ఇక దాచి లాభం లేకపోయింది. వద్దనుకుంటూనే డిటెక్టివ్ చెప్పేసింది. కెమెరా తిరగబడి నడిచిందని, అతను మాట్లాడినంతసేపూ అది ఆగే ఉందని, ఒక్క ముక్క కూడా ఎక్కలేదని.

తల్లికి వెంటనే అర్థం కాలేదు. కెమెరా వైపు, ఎదురెదురుగా ఉన్న రెండు కుర్చీల వైపు చూసింది.

"చెరిపేది..."

"ఏమీ లేదు. నువ్వు కింద మొదటి మెట్టు ఎక్కేటప్పటికే అందులో చెరపడానికి ఏమీ లేదు."

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. డిటెక్టివ్ హెడ్‌ఫోను ఇచ్చింది. అతను చెవులకు పెట్టుకుని, బటన్ ఎక్కడుందో తెలియక తడుముకున్నాడు. తల్లి కుర్చీ అంచున, ఫోర్‌మన్ కూర్చున్న కుర్చీలోనే, కూలబడింది. కార్డులో ఏమీ లేదన్న ఈ రెండో మాట పిల్లకు చెప్పొద్దని, తను చేసిందన్న మొదటిదైతే ఎలాగూ తప్పదని, గొణుగుతోంది.

పిల్లకు రెండో మాట మధ్యాహ్నమే తెలుసు. మొదటిది ఎవరు చెప్పాలో ఆలోచిస్తూ డిటెక్టివ్ గడియారం చూసింది. మూడూ పన్నెండు.